చేతిలో పట్టే గేమ్ కన్సోల్: అరవై ఆటలు కొన్నా, ఒక్కటే ఆడుతున్నా. మీ సంగతేంటి?

బత్తాయి_బాబు (చండూరు) | శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్తే. దసరాకు అమెరికా నుంచి వచ్చిన మా బావ స్టీమ్ డెక్ అనే కన్సోల్ తెచ్చిచ్చాడు. ఇక్కడ కంపెనీ నేరుగా అమ్మదు కాబట్టి ఇన్నాళ్లూ ఆశ చంపుకుని కూర్చున్నా. ఓఎల్ఈడీ మోడల్, 7.4 అంగుళాల తెర, బరువు 640 గ్రాములు. చేతిలోకి రాకముందు నుంచే సేల్ పడ్డప్పుడల్లా ఆటలు కొనిపెట్టుకున్నా. ఇప్పుడు లెక్కేస్తే అరవై దాటాయి.

సోమవారం తెల్లవారుజామున హైదరాబాద్ బస్సెక్కి తెరుస్తా. ఇది ఆడదామా, అది ఆడదామా అని లిస్టు కిందికీ పైకీ జరుపుతూ ఉంటే చౌటుప్పల్ వచ్చేస్తుంది. చివరికి మళ్లీ స్టార్‌డ్యూ వ్యాలీ. బొమ్మల్లాంటి పొలం, నాలుగు మడులు, ఒక కుక్క. మిగతా యాభై తొమ్మిదింటికి డబ్బులు దండగ పెట్టినట్టే ఉంది.

మీకూ ఇట్లాగేనా? మళ్లీ మళ్లీ ఏ ఆటకు పోతారు? పేర్ల చిట్టా వద్దు, అది ఎక్కడైనా దొరుకుతుంది. ఎక్కడ కూర్చుని ఎట్లా ఆడతారో చెప్పండి.

సింపుల్_సీను (నల్లగొండ) | శనివారం, రాత్రి 9.52

ఫోన్ ఉండగా ఇంకోటి ఎందుకన్నా? జేబులో ఒకటి, సంచిలో ఒకటి. ఆ డబ్బుతో బండి సర్వీసింగ్ చేయించుకోవచ్చు.

గద్వాల_గోలీ | శనివారం, రాత్రి 10.15

సీనన్నా, ఫోన్లో ఆడితే సగం తెర మీద మన బొటనవేళ్లే ఉంటాయి. శత్రువు వేలి కింద ఉంటాడు. సరిగ్గా దూకే టైముకు "లోన్ కావాలా సార్" అని కాల్ వస్తుంది. అది అయ్యాక ప్రకటన. అది అయ్యాక "వజ్రాలు కొనండి". ఆడేది మనమా, వాళ్లా?

గుండీ నొక్కితే వేలికి తెలుస్తుంది. చీకట్లో కూడా తెలుస్తుంది. అదే తేడా. చెప్తే అర్థం కాదు, పది నిమిషాలు పట్టుకోవాలి.

నాది వ్యాంపైర్ సర్వైవర్స్. పేరు చూసి భయపడొద్దు, ఒక్క చేత్తో ఆడొచ్చు. మనిషిని నడిపించడమే మన పని, కొట్టడం అదే కొట్టుకుంటుంది. చాలా మైదానాల్లో 30 నిమిషాలు కాగానే యముడు స్వయంగా వచ్చి తీసుకెళ్తాడు. నేను రోజూ మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల పోతా. బస్సు అరగంట. యముడు, స్టేజీ ఒకేసారి వస్తారు. కండక్టర్ "దిగాలె దిగాలె" అంటుంటే నేను చచ్చిపోతూ దిగుతా.

తెల్లకోటు (షాద్‌నగర్) | శనివారం, రాత్రి 11.30

నేను నర్సును. మహబూబ్‌నగర్‌లో డ్యూటీ, ఇల్లు షాద్‌నగర్. డ్యూటీలో ఆడను, ముందే చెప్తున్నా, లేకపోతే ఎవరో ఒకరు మొదలుపెడతారు. తెల్లవారుజామునే డ్యూటీ దిగి కాచిగూడ వైపు ప్యాసింజర్ ఎక్కితే కిటికీ పక్కన సీటు, చేతిలో స్విచ్ లైట్ అనే నింటెండో కన్సోల్, అందులో యానిమల్ క్రాసింగ్ ఆట.

ఈ ఆటలో ఒక చిత్రం ఉంది. అందులో గడియారం, బయట గడియారం ఒకటే. ఇక్కడ రాత్రయితే అక్కడా రాత్రే. దుకాణం పొద్దున 8కి తీసి రాత్రి 10కి మూస్తారు. నైట్ డ్యూటీ వారంలో నేను ఎప్పుడు తెరిచినా దుకాణం మూసే ఉంటుంది. ఊరంతా పడుకుని ఉంటుంది, నేనొక్కదాన్నే సముద్రం ఒడ్డున గాలం వేసుకుని కూర్చుంటా. రెండేళ్ల కిందట ఒక నెలంతా వరసగా నైట్లు పడ్డాయి. ఆ నెలలో దుకాణంలోకి ఒక్కసారి కూడా పోలేదంటే నమ్ముతారా? అయినా ఆడా. మేలుకున్నది నేనొక్కదాన్నే కాదు, ఆ చేపలు కూడా అనిపించేది.

ఇంకోటి. ఆదివారం పొద్దున ఒక పిల్ల టర్నిప్ గడ్డలు అమ్మడానికి వస్తుంది, మధ్యాహ్నం 12 దాకే. కొనిపెట్టుకుంటే సోమవారం నుంచి రేటు రోజుకు రెండుసార్లు మారుతుంది. మళ్లీ ఆదివారం వచ్చేలోపు అమ్మకపోతే కుళ్లిపోతాయి. మా నాయిన బాదేపల్లి మార్కెట్‌కు పల్లీలు తీసుకుపోయి "ఇంకో రెండు రోజులు ఆగుదామా" అని తల పట్టుకునేది గుర్తొస్తుంది. నేను 110కి కొని 60కి అమ్ముకున్న రోజులున్నాయి. రక్తంలోనే ఉన్నట్టుంది.

గద్వాల_గోలీ | శనివారం, రాత్రి 11.41

అక్కా, కన్సోల్ గడియారం ముందుకు తిప్పితే దుకాణం తెరుచుకుంటుంది కదా.

తెల్లకోటు | శనివారం, రాత్రి 11.48

తెలుసు తమ్ముడూ. తిప్పి మళ్లీ వెనక్కి తెచ్చావంటే గడ్డలన్నీ కుళ్లిపోతాయి. చేసి చూసే చెప్తున్నా.

కోయిల్‌సాగర్_కాక | ఆదివారం, ఉదయం 7.05

మీరందరూ నిన్న మొన్నటివాళ్లు. నా మొదటి చేతి కన్సోల్ కురుమూర్తి జాతరలో కొన్నది. దీపావళి దాటాక కార్తీకంలో జాతర, మా అవ్వ ఎడ్లబండిలో తీసుకుపోయింది. గాజుల అంగడి పక్కన గోనెసంచి మీద పోసి అమ్ముతున్నారు. "బ్రిక్ గేమ్, 9999 ఆటలు" అని డబ్బా మీద రాసుంది. తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది! ఇంటికొచ్చి ఒక్కొక్కటీ లెక్కపెట్టడానికి కూర్చున్నా. ఇటుకలు పేర్చేది, పాము, ట్యాంకు, కారు... పది పన్నెండు దాటితే అవే మళ్లీ. స్పీడు మార్చి కొత్త నంబరు వేశాడు, అంతే. జీవితంలో నాకు జరిగిన మొదటి మోసం అదే. కానీ ఆ డబ్బా మీద కోపం రాలేదు.

తెర అంటే అడ్డంగా 10, నిలువుగా 20 నల్ల గళ్లు. అంతే సరుకు. పెన్సిల్ సెల్లు అయిపోతే పళ్లతో నొక్కడం, మిద్దె మీద ఎండకు పెట్టడం, రేడియోలోవి పీకి ఇందులో వేయడం. వార్తల టైముకు రేడియో మూగబోతే మా తాత నన్నే వెతికేవాడు.

ఆ ఇటుకల ఆట మూలం టెట్రిస్ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన 1980లలో తయారుచేశాడు. 1989లో నింటెండో గేమ్ బాయ్ తెచ్చినప్పుడు అమెరికాలో డబ్బాతో పాటు టెట్రిస్‌నే ఇచ్చారు. ఆ గేమ్ బాయ్ వెనక ఉన్న గున్‌పే యొకోయి సంగతి నాకు భలే నచ్చుతుంది. రైల్లో ఒకాయన పొద్దుపోక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతుంటే చూసి, చేతిలో పట్టే ఆట చేద్దామనుకున్నాడని చెబుతారు. దాంతో 1980లో గేమ్ అండ్ వాచ్ వచ్చింది. కొత్త ఖరీదైన సామాను కాదు, పాతబడి చౌకైన సామానుతోనే కొత్త పని చేయించాలనేది ఆయన పద్ధతి. అందుకే గేమ్ బాయ్‌కు రంగులు లేవు, వెనక లైటు లేదు. మరుసటి ఏడాది సెగా వాళ్లు రంగుల తెరతో గేమ్ గేర్ తెచ్చారు. దానికి 6 సెల్లు, అవీ నాలుగైదు గంటల్లో ఖాళీ. గేమ్ బాయ్‌కు 4 సెల్లే, పది గంటలు దాటి నడిచేది. ఎవరు గెలిచారో తెలిసిందే.

బాబూ, నీ అరవై ఆటల డబ్బాకు, నా 9999 డబ్బాకు పెద్ద తేడా ఏం లేదు. నేనూ ఒకటే ఆడేవాణ్ని.

బత్తాయి_బాబు | ఆదివారం, ఉదయం 8.20

కాకా 😂 పొద్దుపొద్దున్నే ఇట్ల కొడితే ఎట్ల?

పాలమూరు_పోరడు (దేవరకద్ర) | ఆదివారం, ఉదయం 10.10

నాది పీఎస్పీ, సోనీ వాళ్ల చేతి కన్సోల్. 2011లో ఇంటర్ అయినంక మేనమామ ముంబై నుంచి తెచ్చిండు, 3000 మోడల్, సెకండ్ హ్యాండ్. తెర 4.3 అంగుళాలే గానీ అప్పుడు మా కంటికి అది టాకీస్. వైస్ సిటీ స్టోరీస్, గాడ్ ఆఫ్ వార్: చెయిన్స్ ఆఫ్ ఒలింపస్. డిస్క్ తిరుగుతుంటే కిర్రుమని చిన్న చప్పుడు, ఆ చప్పుడు ఇప్పుడు వినిపించినా చెయ్యి జేబులోకి పోతది.

అప్పుడు మాకు పొలం కరెంటు రాత్రి పూటనే. ఎప్పుడు వస్తదో, ఎప్పుడు పోతదో తెల్వదు. నేనూ మా బాపూ బోరు కాడ పండుకునేటోళ్లం. బాపు నిద్రపోతే కరెంటు కోసం మేలుకునే డ్యూటీ నాది. స్టార్టర్ డబ్బా మీద లైటు వెలిగిందా అని ఒక కన్ను అటు, ఒక కన్ను గాడ్ ఆఫ్ వార్ వీరుడు క్రేటోస్ మీద. వానాకాలం అయితే తెర వెలుతురుకు ఉసిళ్లు మూగేవి. దుప్పటి మీద కప్పుకొని లోపల ఆడేటోణ్ని. ఒకరోజు దుప్పట్ల పెద్ద రాక్షసితోటి కొట్లాటల పడి కరెంటొచ్చింది చూసుకోలే. రెండు గంటలు కరెంటుండి పోయింది. మడి నెర్రెలు బారింది బారినట్టే ఉంది. పొద్దున బాపు ఏం అనలే. పీఎస్పీ తీస్కపోయి అమ్మ సందుకల పెట్టి తాళం ఏసిండు. పదిహేను రోజులు.

ఇప్పుడు ఇరవై నాలుగ్గంటల కరెంటు, మోటరుకు ఆటో స్టార్టరు. మేలుకునే పనే లేదు. అయినా ఆ ఆట పగలు ఆడితే రుచి ఉండదు. రాత్రి దీపం బంద్ చేసి ఆడాల్సిందే.

ఒక డౌటు. దాని బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తున్నది. కంపెనీది ఎప్పుడో పోయింది, ఇది ఎక్కడో కొన్న డూప్లికేట్. నొక్కి టేపేసి వాడొచ్చా?

సోల్డరింగ్_సారు (మిర్యాలగూడ) | ఆదివారం, ఉదయం 11.25

టేపు కాదు తమ్మీ, ఈ నిమిషమే తీసి బయట పెట్టు. ఉబ్బిందంటే లోపల గ్యాస్ తయారైనట్టు. నొక్కొద్దు, పొడవొద్దు, ఛార్జింగ్ అసలే పెట్టొద్దు. చెత్తబుట్టలో కూడా వేయకు. ఇసుకున్న డబ్బాలో పెట్టి, పాత బ్యాటరీలు తీసుకునేచోట ఇచ్చెయ్.

పీఎస్పీలో ఒక సుఖం ఉంది, బ్యాటరీ తీసేసి ఛార్జర్ పెట్టినా నడుస్తుంది. కొత్త బ్యాటరీ వచ్చేదాకా గోడ పక్కన కూర్చుని ఆడుకో. కొనేటప్పుడు మోడల్ చూసుకో. మొదటి 1000 మోడల్‌ది లావు బ్యాటరీ, 1800 ఎంఏహెచ్. నీ 3000కి పలుచది, 1200. లావుది పెడితే మూత పడదు. పలుచటి దాని మీద 3600 అని రాసి అమ్ముతుంటారు, అంత చిన్నదాంట్లో అంత పట్టదు, నమ్మకు.

కన్సోల్‌ను నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు నిండా ఛార్జ్ చేసి గానీ, పూర్తిగా దింపి గానీ పెట్టొద్దు. సగం ఉంచు. నా దగ్గరికి వచ్చే ఉబ్బిన బ్యాటరీల్లో ఎక్కువ శాతం అల్మారాలోంచి వచ్చినవే.

గద్వాల_గోలీ | ఆదివారం, ఉదయం 11.40

పోరడన్నా, ఆ ఆటలన్నీ ఇప్పుడు నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, ఫోన్లో ఎమ్యులేటర్ (పాత కన్సోల్ ఆటలు నడిపే యాప్) వేసుకో. లింక్ కావాలంటే

*[నిర్వాహకుడు: లింకు తీసేశాం. కొనకుండా ఆటల ఫైళ్లు పంచుకోవడం ఇక్కడ కుదరదు. ఆట గురించి ఎంతైనా మాట్లాడుకోండి.]*

గద్వాల_గోలీ | ఆదివారం, ఉదయం 11.58

సారీ అడ్మిన్. అయినా అప్పట్లో నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి మెమరీ స్టిక్‌లో ఎక్కించుకోని వాడు ఎవడున్నాడు చెప్పండి? కొందామంటే మన దగ్గర దొరికితే కదా.

కోయిల్‌సాగర్_కాక | ఆదివారం, మధ్యాహ్నం 12.20

అది నిజమే, నేనూ ఎక్కించుకున్నా. ఇప్పుడు సంపాదన ఉంది కాబట్టి కొంటున్నా. పాతవి కొన్ని మళ్లీ వస్తున్నాయి కూడా. పీఎస్పీతో పాటు 2004లో వచ్చిన ల్యూమినెస్‌ను 2018లో రీమాస్టర్ చేసి స్విచ్‌కు, పీసీకి ఇచ్చారు. కొన్నా. ఒక్కొక్క రంగు గడి పడుతుంటే పాటకు తాళం వేసినట్టు ఉంటుంది. ఇయర్‌ఫోన్లు లేకుండా ఆడటం మాత్రం దండగ.

తెల్లకోటు | ఆదివారం, మధ్యాహ్నం 3.15

సోల్డరింగ్ సార్, మీరున్నారని తెలియక మా చెల్లెలి గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీని అటక మీద పెట్టాం. మామయ్య దుబాయ్ నుంచి తెచ్చింది. పోకెమాన్ శాఫైర్ పెడితే బ్యాటరీ అయిపోయిందని ఇంగ్లిష్‌లో ఏదో చూపిస్తుంది. పాత ఆటంతా పోయినట్టేనా? అది ఆరో తరగతిలో నాటిన పండ్ల చెట్లు ఉన్నాయంట. అడిగితే ఇప్పటికీ ఏడుపు ముఖం పెడుతుంది.

సోల్డరింగ్_సారు | ఆదివారం, సాయంత్రం 4.02

పోలేదమ్మా, చెల్లెలికి చెప్పండి. శాఫైర్‌లో సేవ్ అయింది ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, దానికి సెల్లు అక్కర్లేదు. క్యాసెట్ లోపల ఉండే గుండ్రటి సెల్లు గడియారం కోసం. సీఆర్1616. అది చచ్చిపోతే ఆటలో కాలం ఆగిపోతుంది, అందుకే నాటిన పండ్లు పెరగవు. మిగతా ఆటంతా మామూలే.

మార్చొచ్చు. కానీ ఊళ్లో వాచీ కొట్టులో ఉత్త సెల్లు కొని నేరుగా సోల్డర్ పెట్టించొద్దు, వేడికి సెల్లు పేలొచ్చు. రెండు పక్కలా రేకులు అతికించినవి దొరుకుతాయి, అవే తెప్పించండి. క్యాసెట్ స్క్రూకు మూడంచుల తల ఉంటుంది, మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పి అరగదీయకండి. మిర్యాలగూడ వైపు వస్తే తీసుకురండి, చేసిపెడతా. డబ్బులొద్దు, చెట్లు పెరుగుతున్నట్టు ఒక ఫోటో పెట్టండి చాలు.

సింపుల్_సీను | ఆదివారం, సాయంత్రం 4.30

ఒక్కటి అడుగుతా, నవ్వొద్దు. నాలుగైదు వేలల్లో చిన్నది ఏదైనా ఉందా? ఊరికే తెలుసుకుందామని.

గద్వాల_గోలీ | ఆదివారం, సాయంత్రం 4.31

😂😂😂 బండి సర్వీసింగ్ ఏమైందన్నా?

బత్తాయి_బాబు | ఆదివారం, రాత్రి 10.05

ఈ రోజు జరిగింది చెప్పాలి. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మధ్యాహ్నం కరెంటు పోయింది. వరండాలో నులక మంచం మీద పడుకుని స్టార్‌డ్యూ ఆడుతున్నా. నాన్న వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మామూలుగా అయితే "ఎంతసేపు చూస్తవురా దాన్ల" అంటాడు. తెర మీద మడి కనబడేసరికి లోపలికి పోయి కళ్లద్దాలు తెచ్చుకున్నాడు.

"ఏం పంట అది?"

"పార్స్‌నిప్ అంట. ముల్లంగి లెక్క. నాలుగు రోజులల్ల వస్తది."

"నాలుగు రోజులకు మెంతికూర గూడ రాదు."

నేను డబ్బాతో ఒక్కో మొక్కకు నీళ్లు పోస్తుంటే బోరు ఏదని అడిగాడు. బోరు లేదు, చెరువులో ముంచుకుని పోయాలన్నా. ఒక వరస మరిచిపోయి మా మనిషిని పడుకోబెట్టా. తెల్లారింది.

"ఆ వరస ఎండలే?"

"ఎండదు నాన్నా. నీళ్లు లేకపోతే ఆ రోజు పెరగదు, అంతే."

నాన్న నవ్విన నవ్వుకు వంటింట్లోంచి అమ్మ వచ్చింది. బోర్లు ఎండిన ఏడాది ట్యాంకర్లు తోలించి బత్తాయి చెట్లకు నీళ్లు పోయించి, ఆఖరికి సగం తోట కొట్టేయించిన మనిషి ఆయన. చాలాసేపు నవ్వాడు.

తర్వాత అసలు ప్రశ్నలు మొదలయ్యాయి. "రేటు ఎవడు కడ్తడు?" ముందే కట్టి ఉంటుంది, ఒక్కోటి 35 అన్నా. "కమీషన్?" లేదు. "తరుగు?" లేదు. ఇంటి ముందర పెట్టెలో వేస్తే రాత్రికి వాళ్లే తీసుకుపోయి డబ్బు వేస్తారన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆ ఊరికి పోదాం పా" అన్నాడు.

ఆటలో ఇంట్లో ఒక టీవీ ఉంటుంది, రేపు వానో ఎండో చెప్తుంది. చెప్పింది చెప్పినట్టు జరుగుతుంది. ఇది మాత్రం ఆయన నమ్మలేదు. మూడు రోజులు వరసగా చూసి, మూడూ నిజమయ్యాక, "గిది ఆటనే" అని తేల్చాడు. ఆటలో ఒక్క కారు (రుతువు) 28 రోజులని చెప్తే వేళ్ల మీద లెక్కేసి "అంటే రెండు కార్తెలు" అన్నాడు. నేను ఆ లెక్క ఎప్పుడూ చూడలేదు. కారు మారితే పాత పంట చచ్చిపోతుంది కాబట్టి, రెండో కార్తె సగం దాటాక విత్తనం పెట్టొద్దంట. చాలా పంటలకు దాదాపు అదే లెక్క!

సాయంత్రం నాన్న పేరు మీద కొత్త పొలం మొదలుపెట్టా. పొలానికి పేరు పెట్టమంటే మా సర్వే నంబరు చెప్పాడు. అదే పెట్టా.

పాలమూరు_పోరడు | ఆదివారం, రాత్రి 10.20

అన్నా, ఈ పోస్టు మా బాపుకు చదివి వినిపించిన. "డబ్బా ముందు పెద్దది చేయించమను" అంటున్నడు.

తెల్లకోటు | ఆదివారం, రాత్రి 10.34

నీళ్ల డబ్బా కమ్మరి దగ్గర ఇస్తే రెండు రోజులు తిరిగి రాదు. మర్నాడు వాన అని టీవీ చెప్పిన రోజే ఇమ్మనండి, ఒక రోజు నీళ్ల పని తప్పుతుంది. కాకులకు దిష్టిబొమ్మ మరవొద్దు. ఇంకోటి, వసంతం 13న గుడ్ల పండుగ వస్తుంది, ఆ ఒక్కరోజే స్ట్రాబెర్రీ విత్తనాలు అమ్ముతారు. డబ్బు దాచిపెట్టుకోమనండి.

కోయిల్‌సాగర్_కాక | సోమవారం, ఉదయం 6.50

ఇదంతా ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశాడు. బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ. 2016లో విడుదలైంది. మీ నాన్నగారికి చెప్పు, కూలీ లేకుండా ఒక్కడే చేసిన సేద్యం అని.

బత్తాయి_బాబు | సోమవారం, ఉదయం 9.15

చెప్తా కాకా. ఈ రోజు బస్సులో చేతులు ఊపుకుంటూ వచ్చా. డెక్ ఇంట్లోనే పెట్టి వచ్చా. ఛార్జర్ సంగతి అమ్మకు నేర్పించా. ఫోన్ ఛార్జర్ పెడితే నత్తలా ఎక్కుతుంది, దానిది 45 వాట్లది. మూడు చుక్కల గుండీ నొక్కి ఫ్రేమ్ రేటు (తెర మీద బొమ్మ మారే వేగం), పవర్ రెండూ తగ్గించి పెట్టా, ఇలాంటి ఆటకు చాలు, బ్యాటరీ చాలాసేపు వస్తుంది.

బత్తాయి_బాబు | మంగళవారం, రాత్రి 9.30

అర్జెంట్. నాన్న ఫోన్. "ఎరువు గావాలె. దుకాణపోడు తలుపు తీస్తలేడు. పొద్దటి నుంచి మూడుసార్లు పోయొచ్చిన." ఇది బగ్గా?

తెల్లకోటు | మంగళవారం, రాత్రి 9.37

ఆటలో ఏ వారమో చూడమనండి. బుధవారం అయితే పియర్ దుకాణం బంద్.

బత్తాయి_బాబు | మంగళవారం, రాత్రి 9.50

బుధవారమే. చెప్పా. "వారం మధ్యల బందు పెట్టేటోడు ఏం యాపారం జేస్తడు" అని ఫోన్ పెట్టేశాడు. ఇప్పుడే అమ్మ ఫోన్ చేసింది. అన్నం తినకుండా, ఆటలో తెల్లారగట్ల ఆరింటికే మనిషిని తీసుకుపోయి దుకాణం ముందు నిలబెట్టాడంట.

తెల్లకోటు | మంగళవారం, రాత్రి 9.52

తీసేది తొమ్మిదింటికి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?